ఏడు రాత్రుల గది

ఇళ్ల అనుమతుల కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషిని అందరూ కొర్రీల సారు అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు. రానురాను ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. దరఖాస్తు చేతికొస్తే అందులో ఏం తక్కువైందో వెతికి, ఎర్ర సిరాతో పక్కన కొర్రీ రాసి వెనక్కి పంపడం ఆయన పని. ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, ఒక్క కొర్రీ కూడా పడకుండా ఆయన బల్ల దాటిన దరఖాస్తులు అన్నేళ్లలో రెండంటే రెండే. ఒకటి ఆయన జ్వరంతో సెలవులో ఉన్నప్పుడు దాటింది. రెండోదానికి పైవాళ్ల సిఫారసు ఉందని జనం చెప్పుకున్నారు గాని, అది అబద్ధం. ఆ మనిషి నిజంగానే అన్ని కాగితాలూ సరిగ్గా జతచేశాడు. ఆ దరఖాస్తు గురించి ఆయన ఇప్పటికీ ఎంతో గౌరవంగా మాట్లాడతాడు.

లంచం ముట్టలేదు. ఎవరినీ కసురుకోలేదు. "నియమం అలా ఉంది బాబూ, నేనేం చేయను?" అనేవాడు మెత్తగా. ఆ నియమాల్లో సగం ఆయన చేత్తో రాసినవేనని ఎదురుగా నిలబడ్డవాళ్లకు తెలియదు.

ఆయన భార్య దర్జీ పని చేసేది. ఇంటి వెనక తోటలో ఆవిడ తమ్ముడు కట్టిపెట్టిన గది ఒకటుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పక్కన చిన్న స్నానాల గది, ఒక తలుపు, ఒక కిటికీ, తలుపు ముందు నిమ్మచెట్టు. అందులోనే ఆవిడ ఇరవై ఆరేళ్లు మిషను తొక్కింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి ఊరుకోరు కదా. కూర్చుని అత్తల సంగతులూ కోడళ్ల సంగతులూ అన్నీ చెప్పి, మంచినీళ్లు తాగి, తెచ్చిన గుడ్డ అక్కడే మరిచిపోయి, మళ్లీ వచ్చి ఇంకో అరగంట కూర్చునేవారు. రెండేళ్ల కిందట ఆవిడకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లను పిలవాల్సి రావడంతో, మిషను తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చేసి గదికి తాళం వేసింది. మిషనుతో పాటే మనుషులూ పోయారు.

ఒక ఉదయం కాఫీ తాగుతూ ఆవిడ అంది.

"ఏమండీ, వెనక గది ఊరికే పడుంది. రెండ్రోజులకీ మూడ్రోజులకీ వచ్చిపోయేవాళ్లకి అద్దెకిద్దాం. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు ఉండడానికి చోటు దొరక్క అల్లాడుతున్నారట."

"మనకిప్పుడు డబ్బులకేం లోటొచ్చింది?"

"డబ్బులకని ఎవరన్నారు? మనిషి మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"నేను లేనూ?"

"ఉన్నారు. అందుకే అంటున్నాను."

ఆయన కాసేపు ఆలోచించి, "ఇద్దాం. కాని చట్టప్రకారం ఇద్దాం" అన్నాడు. పైకి గంభీరంగా అన్నాడు గాని లోపల ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఎందుకంటే తోటగదులను తాత్కాలిక అతిథులకు ఇవ్వడానికి ఒక నియమావళి ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట ఎక్కడో ఒక తోటగదిలో బొగ్గుల కుంపటి వెలిగించుకుని పడుకున్న నలుగురు అతిథులు పొగకు స్పృహ తప్పిపోతే, పై అధికారి హడావుడిగా ఈయన్ని పిలిచి ఏదో ఒకటి రాసి తెమ్మన్నాడు. ఈయన ఏదో ఒకటి రాసే మనిషి కాదు. ఇరవై మూడు నియమాలు రాశాడు. కప్పు ఎత్తు తొమ్మిదడుగులుండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. బయటపడడానికి రెండో దారి ఉండాలి. పొగ వస్తే మోగే గంట ఉండాలి. అతిథి ఏడు రాత్రులకు మించి ఉండకూడదు, ఎనిమిదో రాత్రి గది ఖాళీగా ఉంచాలి, లేకపోతే అతిథి పేరుతో కిరాయిదారు తిష్ఠవేస్తాడు. ఇలా అన్నీ. ఆ నియమావళి ఆయనకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

అన్నీ జతచేసి, తానే రెండుసార్లు సరిచూసుకుని, దరఖాస్తు పట్టుకుని కార్యాలయానికి వెళ్లాడు. ఇన్నేళ్లలో జనం వెళ్లే ఎదురు గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చునేది ఆయన చేతుల్లో పని నేర్చుకున్న ఇన్‌స్పెక్టరమ్మాయి. చూడగానే లేచి నిలబడింది.

"సార్! మీరా! ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా."

కుర్చీ వేయించింది. టీ తెప్పించింది. దరఖాస్తు మొదటి పేజీ నుంచి అక్షరం వదలకుండా చదవడం మొదలుపెట్టింది. ఆయన ఆమె వేలు కాగితం మీద ఎలా కదులుతోందో మురిపెంగా చూస్తూ కూర్చున్నాడు. ఎంత బాగా నేర్పాను అనుకున్నాడు. అంతలో ఆమె ఎర్ర పెన్ను తీసింది.

"సార్, కప్పు ఎత్తు ఎనిమిదడుగుల పదంగుళాలు అని రాశారు."

"అవును, కొలిచాను."

"తొమ్మిదుండాలి కదా సార్."

"రెండంగుళాలే కదమ్మా!"

ఆ మాట నోట్లోంచి జారాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. అన్నేళ్లూ బల్లకు అవతలి వైపు నుంచి ఎన్ని వేలసార్లు విన్నాడో ఆ మాట. అది ఎవరూ ఆలోచించి అనరని, దానంతటదే వచ్చేస్తుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఇన్‌స్పెక్టరమ్మాయి నిజంగానే బాధపడింది. "నియమం అలా ఉంది సార్, నేనేం చేయను?" అంది మెత్తగా. మొత్తం ఏడు కొర్రీలు వేసింది.

మూడు వీధుల అవతల ఉన్న వడ్రంగిని పిలిపించారు. చెక్కపనీ, చిన్నాచితకా కట్టుబడి పనీ రెండూ చేస్తాడు. చెవి మీద పెన్సిలు, జేబులో టేపు. యాభై దాటి ఉంటాయి. గుమ్మంలోకి వస్తూనే ఆయన్ని చూసి నవ్వాడు.

"నన్ను గుర్తుపట్టారా సార్?"

"లేదే."

"పర్లేదు సార్. పదకొండుసార్లు వచ్చాను మీ ఆఫీసుకి. ఆఖరిసారి ఎండలో వచ్చానని మీరే మంచినీళ్లు ఇప్పించారు."

"అలాగా! దేనికొచ్చావు?"

"నాదీ ఒక తోటగదే సార్. కప్పు తక్కువన్నారు."

"మరి తర్వాత?"

"తర్వాత రావడం మానేశాను."

అయితే పాపం ఆ గదిలో కలపా పనిముట్లూ పెట్టుకుంటున్నాడు కాబోలు అనుకుని ఆయన తల ఊపి, కొర్రీల కాగితం చేతికిచ్చాడు. వడ్రంగి దాన్ని పైనుంచి కిందికి చదివి, "అమ్మయ్య, చెయ్యి మారినా రాత మారలేదు" అన్నాడు.

కప్పు లేపాలంటే గది మొత్తం విప్పాలి. అందుకని నేల తవ్వుదామన్నాడు వడ్రంగి. రెండంగుళాలకు రెండు కలిపి నాలుగంగుళాలు తవ్వారు. ఎత్తు సరిపోయింది. కాని గది నేల చుట్టుపక్కల మట్టికన్నా ఆరంగుళాలు పైనుండాలని తొమ్మిదో నియమం. ఇప్పుడది కిందికి పోయింది. చేసేదేముంది, చుట్టూ తోటంతా చెక్కి పల్లం చేశారు. ఆవిడ పెంచుకున్న మొక్కలన్నీ కుండీల్లోకి ఎక్కాయి. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పితే నిమ్మచెట్టుకు తగిలి సగంలో ఆగింది. చెట్టు కొట్టాలంటే వేరే కార్యాలయం, వేరే దరఖాస్తు. వడ్రంగి తలుపును రెండు రెక్కలుగా చేస్తే చాలన్నాడు.

"మంచి ఆలోచన. చేసెయ్" అన్నాడు ఆయన.

"కాగితం మీద రాసివ్వండి సార్."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం మాట సార్. మీ దగ్గరే నేర్చుకున్నాను."

ఆయన రాసిచ్చాడు. వడ్రంగి చదివి, తేదీ వేయలేదని తిప్పి ఇచ్చాడు.

అన్నిటికన్నా తంటా రెండో దారి దగ్గర వచ్చింది. కిటికీని రెండో దారిగా లెక్కేసుకోవచ్చు, కాని 'సగటు శరీరం గల మనిషి' అందులోంచి ఇబ్బంది లేకుండా బయటపడాలని నియమం. ఇన్‌స్పెక్టరమ్మాయి తనిఖీకి వచ్చి, ఎవరు దిగి చూపిస్తారని అడిగింది. వడ్రంగి కట్టెపుల్లలా ఉంటాడు, సగటు కిందికి రాడు. ఆవిడకు మోకాళ్లు పట్టేస్తాయి. మిగిలింది కొర్రీల సారే. తల దూరింది. భుజాలు దూరాయి. బొజ్జ దగ్గర ఆగిపోయింది. ముందుకూ పోడు, వెనక్కీ రాడు. బయటినుంచి భార్య చేతులు పట్టి లాగుతుంటే లోపలినుంచి వడ్రంగి కాళ్లు పట్టుకుని, "ఊపిరి వదిలెయ్యండి సార్, ఊపిరి వదిలెయ్యండి" అంటూ నెట్టాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక రెండుసార్లు పట్టు వదిలేసింది. చివరికి దభీమని కుండీల మధ్య పడ్డాడు.

ఇన్‌స్పెక్టరమ్మాయి పెదవులు బిగబట్టి, "ఇంకో మూడంగుళాలు వెడల్పు చేయించండి సార్" అని రాసుకుంది.

అదీ చేయించారు. నాలుగో నెలలో ఆఖరి తనిఖీ. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గది ముందు నిలబడ్డాడు. గది అద్దంలా ఉంది. పొగ గంట మోగింది. మంటలార్పే సిలిండరు గోడకు వేలాడుతోంది. మంచం ఎదుట గోడ మీద అతిథులకు సూచనలు పద్దెనిమిది అతికించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మాయి ఒక్కొక్కటే చూసుకుంటూ ఇరవై రెండు నియమాలకు టిక్కులు పెట్టింది.

మిగిలింది ఇరవై మూడోది. 'అదే స్థలంలోని అసలు ఇల్లు కూడా మంజూరైన ప్లాను ప్రకారమే ఉండవలెను; లేనిచో ఆ ఇంటికి విడిగా నోటీసు ఇవ్వవలెను, గది అనుమతి ఆపనక్కరలేదు.' అది ఆయన అవసరముండి రాసింది కాదు. ఇరవై రెండు నియమాలు రాశాక పేజీ కింద ఇంకో రెండు వరుసల చోటు మిగిలితే వెలితిగా ఉందని రాశాడు.

ఆమె ఇంటి పాత ప్లాను విప్పింది. వంటింటి వెనక గోడ దగ్గర నిలబడి టేపు పెట్టింది. మళ్లీ పెట్టింది.

"సార్, ఈ నాలుగడుగులు ప్లానులో లేవు."

ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట ఆయన మూడు నెలల శిక్షణకు వెళ్లినప్పుడు బావమరిది ఆ గోడను వెనక్కి జరిపి కట్టాడు. దానిపైన మేడమీది పడకగదిని కూడా పెంచాడు. తిరిగొచ్చి చూసిన ఆయనకు వారం రోజులు కూడు సయించలేదు. అనుమతికి దరఖాస్తు పెట్టాలంటే అది తన బల్ల మీదికే వస్తుంది. తన దరఖాస్తుకు తానే కొర్రీ వేసుకోవాలి. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూనే రిటైరైపోయాడు.

"గిన్నెలు పట్టడంలేదని నేనే అన్నానమ్మా. మా తమ్ముడు ముచ్చటపడి కట్టాడు" అంది ఆవిడ కంగారుగా.

ఇన్‌స్పెక్టరమ్మాయి అటూ ఇటూ చూసి ప్లాను మడిచేసింది. "నేనీ గోడ చూళ్లేదు సార్. అంతే" అంది నెమ్మదిగా.

వడ్రంగి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. ఒక్క మాట, "సరే" అంటే చాలు. ఆయన చొక్కా అంచు సర్దుకున్నాడు.

"చూసింది రాయమ్మా" అన్నాడు.

"సార్..."

"నేను నీకు అలా నేర్పలేదు. రాయి."

ఆమె రాసింది. సాయంత్రానికి గేటుకు రెండు కాగితాలు పక్కపక్కనే అతికించారు. ఒకటి, తోటగదిని అతిథులకు ఇవ్వడానికి అనుమతి. రెండోది, వెనక గోడ బలం పరీక్షించి క్రమబద్ధం చేసేదాకా, నలభై ఐదు రోజులకు తగ్గకుండా, ఇంట్లో ఎవరూ నివసించరాదని నోటీసు. దారినపోయేవాళ్లు ఆగి, రెండూ చదివి, తమలో తాము ఏదో అనుకుంటూ వెళ్లారు.

"ఇప్పుడు మనం ఎక్కడుండాలండీ?" అంది ఆవిడ.

ఈ వీధి మొత్తంలో చట్టప్రకారం నిద్రపోవడానికి తగిన గది ఒక్కటే ఉంది. కాని అందులో యజమాని కాపురం ఉండకూడదు, అతిథులు మాత్రమే ఉండాలి. కాబట్టి ఆయన రెండు పెట్టెలు సర్దుకుని, కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి వరుసలో తమ పేర్లు రాశాడు. ఎక్కడినుంచి వచ్చారు అన్నచోట, ఇదే చిరునామా అని రాశాడు. వచ్చిన పని అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"తెలీదు అని రాయండి" అంది ఆవిడ.

వారం రోజులు ఆ గదిలో ఉన్నారు. మేడా కిందా అయిదు గదుల ఇంట్లో ఎవరి మూల వాళ్లది. ఇక్కడ ఒకరు దగ్గితే రెండోవాళ్లు పక్కకు జరగాలి. మంచం మీద పడుకుంటే ఎదురుగా పద్దెనిమిది సూచనలు. ఆవిడ వాటిని ఒక్కొక్కటే పైకి చదివి అర్థం అడిగేది. "'అతిథులు అనుచిత శబ్దములు చేయరాదు' అంటే మీ గురకేనా?" అనేది. ఆయన మొదటి మూడు రోజులు వివరణలిచ్చాడు. నాలుగో రోజు నుంచి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఇరవై ఆరేళ్లు ఎవరెవరు కూర్చున్నారో, ఏమేం చెప్పుకున్నారో ఆవిడ చెబుతుంటే, ఒకే ఇంట్లో ఉండి తనకు ఇన్ని సంగతులు తెలియకుండా ఎలా పోయాయా అని ఆశ్చర్యపోయాడు.

ఎనిమిదో రోజు వచ్చింది. గది ఖాళీ చేయాలి.

"ఒక్క రాత్రికి ఎవరు చూడొచ్చారండీ?" అంది ఆవిడ.

"నేను చూస్తాను కదా" అన్నాడు ఆయన.

బస చేసేందుకు దొరుకుతాయనుకున్న చోట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. వంటింటి గోడ పని చూస్తున్న వడ్రంగి పారుతున్న చెమట తుడుచుకుంటూ, "మా ఇంటికి రండి సార్. అక్కయ్యని కూడా తీసుకురండి" అన్నాడు.

సాయంత్రం వెళ్లారు. వడ్రంగి వాళ్లను ఇంటి పక్కనుంచి పెరట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ పూలతీగల మధ్య ఒక గది. కిటికీకి ఉతికిన తెర. నడిమి గోడతో రెండు భాగాలు. ఒక భాగంలో, ప్రతినెలా ఆసుపత్రికి వచ్చే ముసలి దంపతులు దిగి ఉన్నారట. బయట బల్ల మీద కూర్చుని కాళ్లకు తైలం రాసుకుంటున్నారు. కొర్రీల సారు లోపలికి అడుగుపెట్టబోయి గుమ్మం పైకమ్మికి తల తగిలించుకున్నాడు.

"ఇదేమిటయ్యా? నువ్వు... ఇది అద్దెకిస్తున్నావా?"

"పద్దెనిమిదేళ్ల నుంచి ఇస్తున్నాను సార్."

"అనుమతి?"

"మీరివ్వలేదు కదా సార్."

వడ్రంగి తప్పు చేసినవాడిలా కాకుండా, పని చూపించే మేస్త్రీలా గదంతా తిప్పి చూపించాడు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. కిటికీలోంచి ఎంత లావు మనిషైనా దిగొచ్చు. పైన పొగ గంట. గోడకు సిలిండరు, దానికి పోయిన నెల తేదీ చీటీ.

"మీరు పదకొండుసార్లు రాసిన కొర్రీలన్నీ దాచుకున్నాను సార్. కూర్చుని చదివితే అన్నీ మంచి మాటలే అనిపించాయి. పొగకి మనుషులు పడిపోయారన్నది నాకూ తెలుసు. అందుకే అన్నీ చేయించాను. కప్పొక్కటే నావల్ల కాలేదు. అడుగు లోతు తవ్వితే పునాది నిలవదు, లేపాలంటే ఇల్లే అమ్ముకోవాలి."

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లలో తన నియమావళిని అర్థం చేసుకుని, ఇష్టపడి, ఇంత శ్రద్ధగా పాటించిన మనిషి ఒక్కడు దొరికాడు. వాడికే తను అనుమతి నిరాకరించాడు.

ఆ రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. తెల్లవారి లేచేసరికి పక్కన భార్య లేదు. బయట ముసలావిడ ఏదో చెబుతుంటే పగలబడి నవ్వుతోంది. ఎన్నేళ్లకో వింటున్నాడు ఆ నవ్వు. ఆయన చేయి అలవాటుగా జేబులోని టేపు మీదికి పోయింది. కప్పు వైపు చూశాడు. కొలవకుండానే తెలుస్తోంది, ఎనిమిదడుగులకు ఒక అంగుళం అటూ ఇటూ. అంతలో ఫోన్ మోగింది.

"సార్, నేనండి" అంది ఇన్‌స్పెక్టరమ్మాయి. "ఎనిమిదో రాత్రి గది ఖాళీగానే ఉందని తాళం చూసి రాసుకున్నాను. మీరు ఎక్కడున్నారో రాయడానికి ఒక గడి ఉంది సార్."

గుమ్మంలో కాఫీ గ్లాసులతో వస్తున్న వడ్రంగి అక్కడే ఆగిపోయాడు.

"చుట్టాలింట్లో ఉన్నామమ్మా" అన్నాడు ఆయన.

"ఏమవుతారు సార్?"

"తమ్ముడి వరస."

"చిరునామా?"

ఆయన వడ్రంగి వైపు చూశాడు. "గుర్తులేదమ్మా."

"మీకా సార్? గుర్తులేదా?"

"చీకటి పడ్డాక వచ్చాం. దారి చూసుకోలేదు. ఖాళీగా వదిలెయ్యి."

"ఖాళీగా వదిలితే కొర్రీ పడుతుంది కదా సార్."

"పడనీ. తీరిగ్గా జవాబిస్తాను."

ఫోన్ పెట్టేసి, కాఫీ అందుకున్నాడు. వడ్రంగి పక్కన నేల మీద కూర్చోబోతే ఆయన చేయిపట్టి మంచం మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తాగారు. అబద్ధం చెబితే చెమటలు పడతాయని ఆయన విన్నాడు. ఆయనకు మాత్రం ఆకలి వేసింది.

నలభై ఐదు రోజులనుకున్నది రెండు నెలలైంది. ఈలోగా ఎనిమిదో రాత్రులన్నీ తమ్ముడి వరస ఇంట్లోనే గడిచాయి. గోడకు ఊతమిచ్చి, జరిమానా కట్టాక, ఇల్లు ఇల్లుగా లెక్కలోకి వచ్చింది. ఆయన ఒక రోజు కూర్చుని, తోటగదికి కప్పు ఎనిమిదడుగులుంటే చాలునని, గాలీ వెలుతురూ దారీ ఉంటే మనిషికి తక్కినది అనవసరమని, నియమం సవరించాలని అర్జీ రాసి కార్యాలయానికి పంపాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. నియమం రాసిన అధికారి అభిప్రాయం లేకుండా సవరించడం కుదరదని, సదరు అధికారి పదవీ విరమణ చేసినందువల్ల అభిప్రాయం తీసుకునే వీలు లేదని, అందుచేత అర్జీని ముగించడమైనదని అందులో ఉంది. కింద ఇన్‌స్పెక్టరమ్మాయి సంతకం. ఆయన మళ్లీ రాశాడు. ఇప్పటికి నాలుగుసార్లు రాశాడు.

తోటగదికి ఈ వారం ముగ్గురు అక్కచెల్లెళ్లు వచ్చారు. తల్లికి కంటి ఆపరేషను. పొద్దున కాఫీ ఇచ్చొస్తానని వెళ్లిన ఆవిడ, మధ్యాహ్నం రెండైనా ఇంకా ఇంట్లోకి రాలేదు.